పాటకు చోటు లేని ఫియట్

ఫియట్ డాష్‌బోర్డులో స్పీడు చూపించే మీటరుకు చోటుంది, కాగితాలు పెట్టుకునే గ్లవ్ బాక్సుకు చోటుంది, పాటకు మాత్రం లేదు. పాత రకం రెండు మరల రేడియో అయితే ఎట్లాగో సర్దొచ్చు. ఆ తర్వాత వచ్చిన కాసెట్ సెట్లు లోతెక్కువ, అవి ఆ రేకులో ఎటూ పట్టవు. 1964లో బొంబాయి కుర్లాలోని ప్రీమియర్ ఆటోమొబైల్స్ ఈ 1100డి మోడల్ మొదలుపెట్టినప్పుడు కారు కొనడమే గొప్ప, అందులో పాట కూడానా అనుకునే కాలం. తర్వాత దాన్నే ప్రెసిడెంట్ అన్నారు, 1974 నుంచి పద్మిని అన్నారు. మా ఊరు కలువాయిలో ఏ పేరూ అతకలేదు. అందరికీ అది ఫియటే.

మా పెదనాన్నది పద్మిని కంటే ముందు బండి. లేత నీలం రంగు, గేరు స్టీరింగు పక్కనే. గేరు రాడ్డు కింద లేకపోవడం వల్ల ముందు సీటు బెంచీలాగా అడ్డం లేకుండా ఉండేది, డ్రైవరుతో కలిపి ముగ్గురు కూర్చునేవాళ్లు. తర్వాత తగువంతా ఆ మధ్య మనిషి మోకాళ్ల దగ్గరే వచ్చింది.

అప్పటిదాకా కారులో పాటంటే ట్రాన్సిస్టరు. వెనక సీట్లో ఎవరో ఒకరు ఒళ్లో పెట్టుకుని కడప కేంద్రం తిప్పేవాళ్లు. చుట్టూ రేకు కాబట్టి శబ్దం సగమే అందేది. అది చాలదన్నట్టు ట్రాన్సిస్టరు లోపల ఉండే నల్లటి కడ్డీ ఏరియల్ ఒక దిక్కుకు తిరిగి ఉంటేనే స్టేషను బాగా పలుకుతుంది. కారు మలుపు తిరిగిందంటే పాట మసకబారేది. పొదలకూరు వైపు వెళ్తుంటే మలుపు మలుపుకీ మేము ఒళ్లో రేడియోను ఎదురు దిక్కుకు తిప్పుతూ ఉండేవాళ్లం. బండి కుడికి, రేడియో ఎడమకు. డ్రైవింగు ఇద్దరు చేస్తున్నట్టుండేది.

ఎనభైల్లో సోమశిల ప్రాజెక్టు పనులు, అక్కణ్ణుంచి కండలేరుకు తవ్వే కాలువ పనులు మా వైపు జోరుగా సాగాయి. మద్రాసు తాగునీటి కోసం 1983లో మొదలైన తెలుగుగంగ నీళ్లు పోవాల్సిన కాలువ అదే. పనులతో పాటు కాంట్రాక్టర్లు వచ్చారు, కాంట్రాక్టర్లతో పాటు జీపులు, జీపుల్లో టేపులు. బస్టాండు దగ్గర టీ అంగడి ముందు ఒక జీపు ఆగితే చాలు, ఇంజను ఆపినా పాట ఆగేది కాదు. మా పెదనాన్న పైకి ఏమీ అనలేదు. ఆ నెలలో పని ఉందని మద్రాసు పోయి, బీచ్ స్టేషను దగ్గరి బర్మా బజారులో ఒక జపాను సెట్టు, రెండు కోడిగుడ్డు ఆకారపు స్పీకర్లు కొనుక్కొచ్చాడు. బిల్లు లేదు, గ్యారంటీ లేదు. బర్మా బజారులో అవి అడిగేవాడే ఉండడు.

సెట్టు వచ్చింది, ఎక్కడ పెట్టాలి? నెల్లూరులో బ్యాటరీ షాపు ఆయన ఒక్క చూపు చూసి తేల్చేశాడు.

"రేకు కోస్తే గానీ పట్టదు పెద్దాయనా."

"కోసేదా? నా బండి మొహానికి రంపం పెడతావా నువ్వు?"

"అయితే గ్లవ్ బాక్సులో దూర్చేద్దాం. పైకి కనపడదు, దొంగల భయం ఉండదు."

అది పెదనాన్నకు నచ్చింది. కానీ గ్లవ్ బాక్సులో అప్పటికే కాపురం ఉంది. ఆర్‌సీ పుస్తకం, టార్చిలైటు, వక్కల డబ్బా, అద్దం తుడిచే గుడ్డ. పైగా కాసెట్ మార్చాలంటే మూత తెరవాలి, తెరిస్తే అది పక్కన కూర్చున్నవాళ్ల మోకాలి మీదికి వాలుతుంది, డ్రైవరు చెయ్యి అంతదూరం పోదు. మరి డాష్‌బోర్డు కింద రెండు ఇనప పట్టీలతో వేలాడగడదామన్నాడు షాపాయన. ఊళ్లో చాలామంది చేసింది అదే. "ఈడ పెడితే మధ్యలో కూర్చునేవాడికి మోకాలు చిప్ప పగులుతాది" అన్నాడు మా డ్రైవరు. మధ్యలో కూర్చునేది ఎప్పుడూ పిల్లలమే. మా మోకాళ్ల సంగతి ఎవరైనా పట్టించుకున్నారని మొదటిసారి అప్పుడే అనిపించింది.

ఈ బాధలు అన్ని దేశాలవాళ్లూ పడ్డారు. అమెరికాలో 1930లో షికాగో గాల్విన్ సోదరులు కార్లలో రేడియో పెట్టి మోటరోలా అన్నారు. చివరికి జర్మన్లు సెట్టు ముఖానికి 180 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు అని ఒక కొలత ఖాయం చేస్తే, కార్లవాళ్లంతా ఆ సైజు సందు వదలడం నేర్చుకున్నారు. మా ఫియటుకు ఆ కొలత పుట్టకముందే వయసైపోయింది.

దారి చూపించింది మా ఊరి వడ్లాయన. ఆయనకు కార్ల గురించి ఏమీ తెలియదు, అందుకే తేలిగ్గా చెప్పాడు. "సందు లేకపోతే పెట్టె చేస్తే పోలా" అని. అట్టముక్క తెచ్చి డాష్‌బోర్డు కింద నిలబెట్టి, నేల వంపుకు తగ్గట్టు అడుగుభాగం గీసుకున్నాడు. టేకు పలకలతో సన్నటి నిలువు పెట్టె, సీటు రంగు రెక్సిను చుట్టి అంచుల వెంబడి ఇత్తడి గుబ్బమేకులు. పైన సెట్టు డ్రైవరు వైపుకు కాస్త తిరిగి, కింద కాసెట్లకు అర. రెండే రెండు స్క్రూలు, అవి కూడా డాష్‌బోర్డు అడుగున, కంటికి ఆనని చోట. ముగ్గురు పెద్దవాళ్లు కూర్చోవాల్సి వస్తే పెట్టె ఊడదీసి డిక్కీలో పడేయొచ్చు. రాత్రిపూట ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. పెళ్లిళ్లకు దాన్ని, ఒక లారీ బ్యాటరీని పందిట్లో పెట్టేవాళ్లం.

స్పీకర్లకు వాదన లేదు. వెనక అద్దం కిందున్న అట్టపలకే వాటి చోటు. రెండు కోడిగుడ్డు రంధ్రాలు కోసి బిగించారు. తలుపుల్లో పెట్టకూడదని షాపాయనే చెప్పాడు. అద్దం దిగే చోట లోతుండదు, వానకు నీళ్లు కారతాయి. పలక కింద డిక్కీ అంతా ఖాళీ పెట్టె కాబట్టి తబలా, డోలు నిండుగా పలికేవి. బిందె, బియ్యం మూటలు వేసిన రోజు పలికేవి కావు. పెద్దమ్మకు మాత్రం కష్టమొచ్చింది. పెంచలకోన నుంచి తెచ్చే పూలబుట్ట, ప్రసాదం అన్నీ ఆ పలక మీదే పెట్టుకునేది. రోహిణి కార్తె ఎండ వెనక అద్దంలోంచి నేరుగా స్పీకరు కాగితం మీద పడి, రెండేళ్లకే అది అప్పడంలా పెళుసెక్కింది.

వైరింగు మొదట బ్యాటరీకి నేరుగా ఇచ్చారు. ఒకరాత్రి టేపు ఆపడం మరిచిపోతే పొద్దున ఊరంతా కలిసి బండి తోసింది. తర్వాత తాళానికి కలిపారు. ఇంజను రేజు చేస్తే పాటతో పాటు డైనమో ఈల వేసేది, దానికి కండెన్సరు తగిలించాక తగ్గింది. ఫియటు ఇటలీ సంతతి కాబట్టి బాడీకి ఎర్త్ నెగటివ్. ఇంగ్లీషు సంతతి పాత బండ్లలో కొన్నిటికి పాజిటివ్ ఉండేది. అది చూసుకోకుండా జపాను సెట్టు కలిపితే పొగే.

కాసెట్లలో అరవై నిమిషాలవే కొనాలన్నది పెదనాన్న శాసనం. తొంభైవాటి రీలు పల్చన, ఎండకు సాగి సెట్టు నమిలేసేది. మా మట్టి రోడ్ల దుమ్ముకు హెడ్డు మూసుకుపోయి పాట నీళ్లలో మునిగినట్టు వినపడితే, దూదికి స్పిరిట్ అద్ది తుడిచేవాళ్లం. పొద్దున బయల్దేరగానే మొదటి కాసెట్ ఘంటసాల భగవద్గీత. ఇవాళ ఆ గొంతు వినపడితే జనం వీధిలోకి తొంగిచూసి ఎవరు పోయారని అడుగుతారు. శవయాత్ర బండ్లకు దాన్ని ఎవరు అప్పగించారో గానీ, అప్పట్లో అది శుభంగా బయల్దేరే పాట. పొదలకూరు దాటాక డ్రైవరు వంతు, ఎస్పీ బాలు పాటలు. బాలు మన నెల్లూరాయనే కదా అని పెదనాన్న కూడా అడ్డుచెప్పేవాడు కాదు.

పద్మిని తయారీ 2000 ప్రాంతంలో ఆగిపోయింది. ఆ తర్వాత కొన్నేళ్లకు పాత బండ్ల మోజున్న ఒకాయన మద్రాసు నుంచి వచ్చాడు. వేలితో డాష్‌బోర్డు అంతా తడిమి, ఎక్కడా కోత లేదని సంతోషపడ్డాడు. అట్లాంటిది దొరకడం కష్టమని నోరుజారాడు కూడా. వెంటనే పెదనాన్న ధర పెంచాడు. కొనవచ్చినాయన వెనక్కి పోయి అట్టపలక మీది రెండు రంధ్రాలు చూపించి తగ్గించమన్నాడు. అట్టదేముంది, వారంలో కొత్తది కోయిస్తానన్నాడు పెదనాన్న. బేరం కుదిరాక ఆయన పెట్టె కూడా అడిగాడు. పెద్దమ్మ లోపలి నుంచే అరిచింది, అందులో పట్టాదారు పాసుపుస్తకాలున్నాయి, ఇచ్చేది లేదని.