పంటు దాటితే అక్క ఊరు

మొన్న మే సెలవుల్లో మా అమ్మాయిని తీసుకుని ఎదురుమొండి వెళ్లొచ్చాను. ఊరు చూడ్డానికని కాదు, అక్కను బొమ్మసంద్ర తీసుకొచ్చేద్దామని. బావ పోయి రెండేళ్లయింది. అక్క ఒక్కతే ఉంటోంది. బీపీ కూడా ఉంది.

ఎదురుమొండి కృష్ణా జిల్లా నాగాయలంక మండలంలో, కృష్ణానది సముద్రంలో కలిసేచోట ఉన్న దీవి. బెంగళూరులో సాయంత్రం రైలెక్కి విజయవాడలో దిగాం. అక్కణ్ణుంచి బస్సులో అవనిగడ్డ, నాగాయలంక, ఆపైన ఆటోలో ఏటిమొగ. రోడ్డు ఆ రేవులోనే ఆగిపోతుంది. రెండు పడవలు జతచేసి పైన బల్లలు పరిచిన పంటు మీదే మనుషులూ బండ్లూ గ్యాసు సిలిండర్లూ అన్నీ దాటాలి. వంతెన వస్తుందని నా చిన్నప్పటి నుంచీ వింటున్నాం.

ఆ రాత్రి అక్క ఇంట్లో పడుకున్నాం. తెల్లారాక దీవంతా చూస్తానని అమ్మాయి పేచీ పెట్టింది. అక్క పక్కింట్లో ఒక సైకిలు అడిగి తెచ్చింది. బావ సైకిలు ఇంట్లోనే ఉంది, గాలి కొట్టించాం. అమ్మాయి ఒకదాని మీద, నేను బావ సైకిలు మీద, నా వెనక క్యారేజీ మీద నీళ్ల సీసాలు ఒళ్లో పెట్టుకుని అక్క.

"ఏడింటికల్లా బయల్దేరాలిరా, తర్వాత నువ్వు తొక్కలేవు" అంది. మేం కదిలేసరికి తొమ్మిదయింది.

పది దాటాక అక్క మాట తెలిసొచ్చింది. రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల చెరువులు. నీడనేది లేదు. ఉప్పుగాలికి పెదాలు పగిలాయి. మిల్లులో మిషన్ల వేడికి అలవాటుపడ్డ ఒళ్లే గానీ నెత్తిమీద ఎండ వేరు. ఒకచోట ఎవరో తాటికాయలు కొడుతుంటే ఆగాం. బొటనవేలు గుచ్చి ముంజ తినడం అక్క చూపించింది. అమ్మాయి గుచ్చితే నీళ్లు మొహాన చిమ్మాయి. ఎండలో కూర్చుని ముగ్గురం ఒకటే నవ్వు.

నాచుగుంట వైపు వెళ్తే మడ అడవి. బురదలోంచి మేకులు పాతినట్టు వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. "చెట్టు వాటితోనే గాలి పీల్చుకుంటుంది. మడ దట్టంగా ఉన్నచోట ఉప్పెన జోరు తగ్గుద్ది" అంది అక్క.

తిరిగొస్తూ ఒక తాడిచెట్టు దగ్గర సైకిలు ఆపమంది. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనకి దివిసీమ తుడిచిపెట్టుకుపోయింది. చనిపోయినవాళ్లే పదివేల మందికి పైన. అక్కకి అప్పుడు తొమ్మిదేళ్లు, నేను చంకలో పిల్లాణ్ణి. నాన్న మా ఇద్దర్నీ అమ్మ చీరతో ఈ చెట్టుకే కట్టేశాడట. అమ్మాయి చెట్టుని తడిమి చూసింది. ఏమీ అనలేదు.

అక్కడే అడిగాను, "మాతో వచ్చెయ్ అక్కా" అని.

"వచ్చి? మీరిద్దరూ షిఫ్టులకెళ్తే ఆ ఒక్క గదిలో తలుపేసుకుని కూర్చోనా? ఇక్కడ ఎండు చేపలు అమ్ముకుంటే నా ఖర్చు నాకెళ్తుంది."

"మరి రాత్రిపూట నీకేమన్నా అయితే?"

అక్క మాట్లాడలేదు. బావకి గుండెల్లో నొప్పొచ్చింది రాత్రి పదకొండింటికి. పడవ దొరికి ఏటిమొగ చేరేసరికి తెల్లవారింది. అప్పటికే ఆయన లేడు. ఆ సంగతి నేను గుర్తుచేయాల్సింది కాదు.

మర్నాడు పొద్దున రేవు దాకా వచ్చింది, బావ సైకిలు మీద మా సంచి పెట్టుకుని నడిపించుకుంటూ. అమ్మాయి ఊరుకోకుండా, "2025 ఆగస్టులో మా బొమ్మసంద్రకి మెట్రో వచ్చిందత్తా! రా, ఎక్కిస్తా" అంది.

"మాకు వంతెన రానీ, అప్పుడు నేనే నిన్నెక్కిస్తా" అని నవ్వి, నా వైపు తిరిగింది. "తుఫాన్ల రోజులు, ఆ కార్తీకం ఒక్కటీ మీ దగ్గరుంటాలేరా. మిగతా రోజులు నన్నడగమాక."

అంతకు మించి ఒప్పించలేకపోయాను. పంటు కదిలాక అమ్మాయి అడిగింది, "అత్తకి సైకిలు తొక్కడం రాదా నాన్నా?" రాదన్నాను. "కార్తీకంలో వస్తుందిగా, నేర్పిస్తా" అంది. ఒడ్డున అక్క ఆ సైకిలు నడిపించుకుంటూ ఇంటి వైపు మళ్లింది. ఇప్పుడు మా గదిలో ఇంకో మంచం ఎటు వేయాలా అని చూస్తున్నాం.