మా యింటి కంప్యూటరునకు క్రొత్త పాఠము

మా అత్తగారు కీర్తిశేషులగుటకు ముందు పాడిన తలంబ్రాల పాటలు, అప్పగింతల పాటలు నలువది వరకు మా కంప్యూటరులో నున్నవి. వానికి వేరొక ప్రతి మాకు లేకుండెను. ఈ యలక్ష్యమునకు మమ్ము మేమే నిందించుకొనవలెను.

ఆ యంత్రము 2019లో కొన్నది. 2023 వేసవిలో, కాకినాడలో ఇంజనీరింగు చదువుచున్న మా మేనల్లుడు సెలవులకు వచ్చి, "అత్తయ్యా, దీని ప్రాసెసరు ముసలిదైపోయింది, కొత్తది పెడతాను" అనెను. రైజెన్ 5 5600 అను దానిని తెచ్చి అమర్చెను. లోని ఫ్యానులు గిరగిర తిరిగినవి. తెర మాత్రము నల్లగనే యుండెను. మా గుండె జారినది. పాత ప్రాసెసరును మరల పెట్టగా యంత్రము బ్రదికినది.

కారణ మిది. మదర్‌బోర్డుపై గోరంత చిప్పులో బయోస్ అను చిన్న ప్రోగ్రాము ఉండును. మీట నొక్కగనే అందఱికంటె ముందు మేల్కొని, ప్రాసెసరును, మెమరీని, డిస్కును పలుకరించి, పిదప విండోస్‌ను లేపునది అదియే. మా బోర్డు 2018లో వచ్చిన బి450 జాతిది. రైజెన్ 5000 వరుస వెలువడినది 2020లో. తన తరువాత పుట్టినదానిని పాత బయోస్ యెట్లు గుర్తించును? దానికి క్రొత్త పాఠము చెప్పవలెను. పాత ప్రాసెసరుతో యంత్రము నడుచుచుండగనే చెప్పవలెను.

మాకు భయమేల కలిగెననగా, 2021 వర్షకాలమున మా పొరుగింట నీ పని సాగుచుండగా కరెంటు పోయినది. చిప్పు సగము వ్రాయబడి నిలిచిపోయెను, బోర్డు మూగవోయెను. దుకాణమువాడు బోర్డంతయు మార్చవలెననెను. చిప్పును బయటి పరికరముతో తిరిగి వ్రాయవచ్చునని వారికి చెప్పినవా రెవ్వరును లేరు. కొన్ని బోర్డులకు రెండు చిప్పులుండును, కొన్నింటికి ప్రాసెసరు లేకున్నను పెన్‌డ్రైవునుండి వ్రాసికొను మీట యుండును. మా బోర్డునకు రెండును లేవు.

నడుచుచున్న యంత్రమును కదపరాదని పెద్ద మెకానిక్కులందురు. చాలవఱకు నిజమే గాని, ఎల్లప్పుడును కాదు. ఇంటెల్‌వారి 13, 14వ తరముల ప్రాసెసర్లు కొన్ని అధిక వోల్టేజి వలన చెడుచుండగా, 2024 ఆగస్టులో దిద్దుబాటు బయోస్ ద్వారానే వచ్చినది. అప్పటికే చెడినవానిని అది బాగుచేయలేదు.

మేము టార్చిలైటు పట్టగా, బోర్డుపై చీమలవంటి అక్షరములలో నున్న పేరును, రివిజను సంఖ్యను మేనల్లుడు చదివెను. ఒకే పేరిట రివిజనులు వేఱైనచో ఫైలును వేఱు కావచ్చును. తయారీదారు సైటునుండియే దానిని దింపి, ఫ్యాట్32 పద్ధతిలో సిద్ధపఱచిన పెన్‌డ్రైవులో నుంచెను. పాత సెట్టింగులు తుడిచిపెట్టుకొని పోవునని తెరలన్నింటికిని ఫోనుతో ఫొటోలు తీసితిమి. సాయంకాలము మా వీధిలో కరెంటు నమ్మరానిది. కావున తెల్లవాఱుజామున యు.పి.ఎస్. తగిలించి, మిక్సీ వేయవద్దని వంటింటికి ఆజ్ఞ యిచ్చి, విండోస్‌లోనుండి గాక బోర్డు సొంత తెరలోనుండియే పని మొదలిడితిమి. అంకెలు నూటికి చేరినవి. తెర ఆరినది, వెలిగినది, మరల ఆరినది. మీట నొక్కబోయిన మా వారి చేయి పట్టుకొని ఆపితిమి. కొన్ని నిమిషములకు బోర్డు పేరు తెరపై కనబడెను.

క్రొత్త ప్రాసెసరు పెట్టినాము. అప్పుడొక నీలి తెర వచ్చి 48 అంకెలడిగెను!

డిస్కునకు బిట్‌లాకర్ అను తాళము ఏడాది క్రితమే వేసియుండెను. తాళము తెఱచు రహస్యము పాత ప్రాసెసరు నాశ్రయించి యుండుటచే, అది మారగా ఈ ప్రశ్న వచ్చెను. బయోస్ మార్చుటకు ముందే తాళమును తాత్కాలికముగా నిలుపవలసియుండెను. "మరిచిపోయాను అత్తయ్యా" అని అబ్బాయి తలవంచుకొనెను. మా ధ్యాసయంతయు కరెంటు మీదనే యుండినది, పాటలకు ప్రతి తీయుట మాకును తోచలేదు.

తాళము వేసిననాడు ఆ అంకెలను పాలలెక్కల పుస్తకము చివరి పుటలో వ్రాసియుంటిమి, ఆరేసి చొప్పున ఎనిమిది గుంపులు. అయిదవ గుంపుపై నూనె మరక పడినది. అందొక అంకె 1 యో, 7 యో తెలియదు. ప్రతి గుంపును 11 చేత నిశ్శేషముగా భాగింపబడునని మేనల్లునికి జ్ఞాపకము వచ్చెను. నేలపై కూర్చుండి పెన్సిలుతో భాగించితిమి. 1 పెట్టగా శేషము మిగిలినది, 7 పెట్టగా సున్న. తాళము తెఱచుకొనెను.

ఆ సాయంకాలమే పాటలను రెండు పెన్‌డ్రైవులకు ఎక్కించి, ఒకటి భీమవరమున నున్న మా ఆడపడుచునకు పంపితిమి. మూడవ అప్పగింతల పాట నడుమ, "అత్తయ్యా, కాఫీ చల్లారిపోతోంది" అను మా కేక వినబడుచున్నదని ఆమె ఫోనుచేసి నవ్వినది.