దర్యాప్తు అధికారికి ఎందుకంత దాహం?



మా తరం వాళ్లం కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలను పాఠ్యపుస్తకాల మధ్య దాచుకొని చదివినవాళ్లం. యుగంధర్ హంతకుణ్ణి ఎలా పట్టుకుంటాడన్నదే మా ఆత్రుత. ఆయన ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయాడని గానీ, వేళకు అన్నం తిన్నాడా అని గానీ మేమెవరమూ అడగలేదు. ఉద్యోగ విరమణ తరువాత తీరిక దొరికి మళ్లీ అపరాధ పరిశోధన నవలలు పట్టుకున్నాను. వైద్యవృత్తి నేర్పిన అలవాటు కాబోలు, ఇప్పుడు నా చూపు హంతకుడి కన్నా పరిశోధకుడి మీదనే ఎక్కువగా నిలుస్తోంది.

అలా నన్ను నిలబెట్టిన పాత్ర కర్ట్ వాలాండర్. స్వీడన్ రచయిత హెన్నింగ్ మాంకెల్ సృష్టించిన పోలీసు అధికారి. స్వీడన్ దక్షిణ తీరంలోని యూస్టాడ్ అనే చిన్న ఊరు ఆయన కార్యక్షేత్రం. 1991లో వచ్చిన మొదటి నవలలో ఒక పల్లెలో వృద్ధ రైతు దంపతులు దారుణంగా హత్యకు గురవుతారు. ఆ దర్యాప్తు భుజాన వేసుకునే నాటికే వాలాండర్ సంసారం చెదిరిపోయి ఉంటుంది. భార్య మోనా విడిచి వెళ్లిపోయింది. కూతురు లిండా దూరమైంది. ఒకే ప్రకృతి దృశ్యాన్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ చిత్రించే ముసలి తండ్రికి మతి తప్పడం మొదలైంది. ఆయన వేళకాని వేళ ఏదో ఒకటి తింటాడు, ఒంటరిగా తాగుతాడు, అర్ధరాత్రి దాటినా నిద్రపోడు.

1997లో వచ్చిన ‘వన్ స్టెప్ బిహైండ్’ నవలకు వచ్చేసరికి ఆయనకు యాభై ఏళ్లు దగ్గర పడ్డాయి. ముగ్గురు యువతీయువకుల హత్య, దానికి తోడు తన సహోద్యోగి హత్య. అంత పెద్ద కేసు నడుస్తుండగా ఆయనకు విపరీతమైన నీరసం, ఆగని దాహం, మాటిమాటికీ మూత్రం. కారు నడుపుతూ కునుకు తీయబోయి ప్రమాదం అంచుదాకా వెళతాడు. పుస్తకం మూడోవంతు చదివేసరికి హంతకుడెవరో నాకు అంతుపట్టలేదు గానీ, పరిశోధకుడి జబ్బేమిటో మాత్రం తేలిపోయింది. మధుమేహం. వైద్యుడు ఆ మాట చెప్పాక కూడా ఆయన దాన్ని తోటివారికి చెప్పుకోడు. అదేదో సిగ్గుపడవలసిన విషయమైనట్టు దాచుకుంటాడు.

ఇదంతా కల్పన కదా అంటారేమో. నాకు మాత్రం అది తెలిసిన మనిషి కథలాగే తోచింది.

1990ల నడుమ నేను ఒక చిన్న పట్టణంలోని ప్రభుత్వ ఆసుపత్రిలో సివిల్ అసిస్టెంట్ సర్జన్‌గా పనిచేసేవాడిని. చుట్టుపక్కల మండలాలలో అనుమానాస్పద మరణాలన్నిటికీ శవపరీక్షలు అక్కడే జరిగేవి. మన పోలీసు శాఖలో ‘డిటెక్టివ్’ అనే హోదా ఏదీ లేదు. హత్య కేసు వస్తే సాధారణంగా సర్కిల్ ఇన్‌స్పెక్టరే దర్యాప్తు అధికారి. ఒక వేసవిలో అలాంటి కేసు మీద ఒక సీఐ గారు మా మార్చురీకి వచ్చారు. చాలా చురుకైన మనిషి. మృతుడి గోళ్ల కింద ఇరుక్కున్న మట్టి రంగు చూసి, శవం దొరికిన పొలంలోని మట్టి ఇది కాదని నాకన్నా ముందు ఆయనే అన్నారు. అంత చూపున్న మనిషి, శవపరీక్ష సాగిన రెండు గంటలలో మా కుండలోని నీళ్లు సగం తాగేశారు. నాలుగుసార్లు గోడ చాటుకు వెళ్లి వచ్చారు.

మా మార్చురీ సహాయకుడు మెల్లగా నా దగ్గరికి వచ్చి, “డాక్టరు గారూ, సీఐ గారు వెళ్లొచ్చిన చోట చీమలు పట్టేశాయండి” అన్నాడు. ఆ రోజులలో పల్లెటూళ్లలో చక్కెర జబ్బును చాలామంది గుర్తుపట్టే పద్ధతి అదే. నేను బతిమాలి ఆయన మూత్రం పరీక్ష చేయించాను. బెనెడిక్ట్ ద్రావణంలో వేసి వేడి చేయగానే నీలం రంగు కాస్తా ఇటుక ఎరుపుకు తిరిగింది. చక్కెర విపరీతంగా పోతోందని దాని అర్థం.

“సీఐ గారూ, రేపు ఉదయం పరగడుపున రండి. రక్తపరీక్ష చేసి మందులు మొదలుపెడదాం” అన్నాను.

“చార్జిషీటు వేసేశాక మీ దగ్గరికే వచ్చి చేరతాను డాక్టరు గారూ. ఇప్పుడు మాత్రం నన్ను పడుకోబెట్టకండి” అన్నారు నవ్వుతూ. ఆ తరువాత ఇంటి సంగతులు చెప్పుకొచ్చారు. స్వగ్రామంలో తల్లికి పక్షవాతం. అమ్మాయికి ఇంటర్ పరీక్షలు. పిల్లల చదువుల కోసం భార్య జిల్లా కేంద్రంలో ఒంటరిగా ఉంటోంది. ఆయన ఇల్లు చూసి పదకొండు రోజులైంది. “ఫోన్ చేస్తే అందరూ ఏదో ఒకటి అడుగుతారు. నా దగ్గర జవాబు ఉండదు. అందుకే చేయడం మానేశాను” అన్నారు.

ఆయన తొందరకు కారణం లేకపోలేదు. హత్య కేసులో నిందితుడు రిమాండులో ఉంటే 90 రోజులలోగా చార్జిషీటు దాఖలు కావాలి. కాకపోతే నిందితుడికి బెయిలు పొందే హక్కు వస్తుంది. అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో అది 167వ సెక్షను. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో అది 187వ సెక్షను. గడువు మాత్రం మారలేదు. దర్యాప్తు అధికారి మనసులో ఆ 90 రోజుల లెక్క పగలూ రాత్రీ నడుస్తూనే ఉంటుంది. చిక్కేమిటంటే, ఆ గడువు సంగతి ఒంట్లోని చక్కెరకు తెలియదు.

రెండేళ్ల తరువాత ఆ కేసులో సాక్ష్యం చెప్పడానికి సెషన్స్ కోర్టుకు వెళ్లాను. వరండాలో ఆయన కనిపించారు. “చార్జిషీటు గడువులోపలే వేశానండి” అన్నారు ముందుగా. ఎడమ కాలికి బూటుకు బదులు మెత్తటి చెప్పు ఉంది. నేనడిగితేనే ఆ సంగతి చెప్పారు. గాలింపులో తిరిగేటప్పుడు బూటు కరిచి బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు. తెలిసేనాటికి పుండు ఎముకదాకా పోయింది. రెండు వేళ్లు తీసేశారు. తల్లి ఆ వేసవిలోనే పోయారట. కడసారి చూపు దక్కలేదని చెబుతూ ఆయన కోర్టు గోడవైపు తిరిగారు.

బొబ్బ నొప్పి ఎందుకు తెలియలేదు? మధుమేహం అదుపు తప్పి ఎక్కువకాలం ఉంటే పాదాలలోని నరాలు మొద్దుబారతాయి. అంటే మూత్రంలో చక్కెర కనిపించడానికి చాలా ముందు నుంచే జబ్బు ఆయన ఒంట్లో ఉండి ఉండాలి. మృతదేహం మీది ప్రతి గీతనూ చదవగలిగిన మనిషి తన దేహం ఇచ్చిన వాంగ్మూలాన్ని నమోదు చేసుకోలేదు. తెలివి తక్కువై కాదు. చేతిలో ఉన్న పని అంత గౌరవనీయమైనది, అంత అత్యవసరమైనది. ఒక కుటుంబానికి న్యాయం చేయడం కోసం ఆరోగ్యం వాయిదా వేసుకుంటున్నానంటే ఎవరు కాదనగలరు? తనకు తాను చెప్పుకునే సాకులలో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఇలాంటి మంచి సాకే.

ఇక ఒంట్లో ఏం జరుగుతుందో చూద్దాం. ఎడతెగని ఒత్తిడిలో అడ్రినలిన్, కార్టిసాల్ హార్మోన్లు పెరుగుతాయి. అవి కాలేయంలోని చక్కెరను రక్తంలోకి వదిలిస్తాయి, ఇన్సులిన్ పనిని అడ్డుకుంటాయి. నిద్రలేమి దీనికి తోడవుతుంది. షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 మంది ఆరోగ్యవంతులైన యువకులను ఆరు రాత్రులు నాలుగేసి గంటలే నిద్రపోనిచ్చారు. ఆ కొద్ది రోజులలోనే వారి శరీరాలు చక్కెరను సర్దుకునే శక్తి గణనీయంగా తగ్గింది. 1999లో ‘లాన్సెట్’ పత్రిక ఆ ఫలితాలను ప్రచురించింది. అమెరికాలోని బఫెలో నగరంలో జాన్ వయొలాంటి అనే పరిశోధకుడు 400 మందికి పైగా పోలీసులను పరీక్షించారు. ఆయన స్వయంగా న్యూయార్క్ రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేసి వచ్చినవారు. రాత్రి పాళీలు చేస్తూ నిద్ర తక్కువైన వారిలో మెటబాలిక్ సిండ్రోమ్ ఎక్కువగా కనిపించింది. పొట్ట, రక్తపోటు, చక్కెర, కొవ్వులు కలిసికట్టుగా పెరగడాన్నే మేము ఆ పేరుతో పిలుస్తాం.

నష్టం ఆయన ఒంటితో ఆగదు. 17 గంటలు ఏకధాటిగా మేలుకొని ఉన్న మనిషి చేతలు, రక్తంలో 0.05 శాతం ఆల్కహాలు ఉన్న మనిషి చేతలతో సమానంగా మందగిస్తాయని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో చూపారు. మన దేశంలో వాహనం నడిపేవారికి చట్టం అనుమతించే హద్దు 0.03 శాతం. తాగి బండి నడిపినవాణ్ణి పట్టుకొనే పోలీసు, నిద్రలేమితో అంతకన్నా మందమైన స్థితిలో సాక్షులను విచారిస్తుండవచ్చు. అలసిన బుర్ర మొదట తోచిన అనుమానాన్నే పట్టుకు వేలాడుతుంది. అంటే ఆయన నిద్ర ఆయన సొంత వ్యవహారం మాత్రమే కాదు, మృతుడి కుటుంబానిది, నిందితుడిది కూడా.

వ్యవస్థ మాటకు వస్తే, హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ 2014లో కేంద్ర పోలీసు పరిశోధన సంస్థ కోసం దేశవ్యాప్తంగా ఒక అధ్యయనం చేసింది. స్టేషన్ సిబ్బందిలో దాదాపు 90 శాతం మంది రోజుకు 8 గంటలకు మించి పనిచేస్తున్నారని అందులో తేలింది. దర్యాప్తును, శాంతిభద్రతల విధులను వేరుచేయాలని 2006లోనే ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. పగలు బందోబస్తు, రాత్రి హత్య కేసు అనే పద్ధతి పోయిననాడు ఎందరో అధికారుల ఆరోగ్యం దానంతటదే కొంత బాగుపడుతుంది. అంతవరకూ మన జాగ్రత్త మనం పడాలి.

మీరు గానీ మీ ఇంట్లోవారు గానీ ఇలాంటి ఉద్యోగంలో ఉంటే ఈ నాలుగు సంగతులు గుర్తుంచుకోండి.

మొదటిది. అతి దాహం, అతి మూత్రం, కారణం లేకుండా బరువు తగ్గడం ఉంటే పరగడుపు వరకూ ఆగనక్కరలేదు. ఆ లక్షణాలతో పాటు ఏ వేళలో పరీక్షించినా రక్తంలో చక్కెర 200 దాటితే అది మధుమేహమే. లక్షణాలు లేకపోయినా ముప్పై దాటినవారు ఏడాదికోసారి చూపించుకోవాలి. పరగడుపున 126, హెచ్‌బీఏ1సీ 6.5 శాతం, రక్తపోటు 140/90. ఈ అంకెలను చేరితే వైద్యుణ్ణి కలవాలి.

రెండవది. మీ పనివేళలు వైద్యుడికి దాచకుండా చెప్పండి. గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు వేసుకొని, అన్నం వేళకు పరుగులో పడితే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబడే మాట వస్తాయి. చూసేవారు తాగాడనుకుంటారు. భోజనవేళ నిలకడ లేనివారికి అనువైన మందులు వేరే ఉన్నాయి. ఇన్సులిన్‌ను మాత్రం ఎండలో నిలిపిన జీపులో ఉంచకండి.

మూడవది. రోజూ రాత్రి బూట్లు విప్పాక పాదాలు వెలుతురులో చూసుకోండి. నొప్పి లేని పుండే భయపడవలసిన పుండు.

నాలుగవది. నిద్ర కోసం మద్యం తాగకండి. అది త్వరగా నిద్ర పట్టిస్తుంది గానీ తెల్లవారుజాము నిద్రను చెడగొడుతుంది. శవాలను, ఏడ్చే తల్లులను చూసి వచ్చిన మనసుకు మాటే మందు. ఇంట్లో చెప్పుకోలేనివి ఉంటే 14416 నంబరులో టెలిమానస్ సలహాదారులు ఉచితంగా వింటారు. తెలుగులోనూ మాట్లాడవచ్చు.

కుటుంబసభ్యులకు ఒక మనవి. మంచి పనిలో మునిగిన మనిషి తన ఒంటిని తాను చూసుకోలేడు. మొదటి సమాచార నివేదిక ఇవ్వవలసింది మీరే. రాత్రి మూడుసార్లు లేస్తున్నాడని, చెంబెడు నీళ్లు తాగుతున్నాడని ముందు తెలిసేది మీకే. “నీకు మేమంటే లెక్కలేదు” అని మొదలుపెడితే ఫోన్ చేయడం మానేస్తాడు. “రేపు పది నిమిషాలు కేటాయించు, పరీక్ష చేయించుకో, తరువాత నీ పని చూసుకో” అనండి. ఆయన రాలేకపోతే రక్తం తీసే మనిషిని స్టేషనుకే పంపించండి.

పోలీసుల ఇళ్లకే కాదు ఈ మాట. మార్చి నెలాఖరు లెక్కలలో మునిగిన ఉద్యోగి, కోతల రోజులలోని రైతు, పెళ్లి పనులు నెత్తిన వేసుకున్న తండ్రి, అందరి నోటా వినిపించేది ఒకటే మాట: “ఇది అయిపోనీ, చూపించుకుంటాను.” మీ ఇంట్లో ఈ వారం ఆ మాట ఎవరన్నారో గుర్తు తెచ్చుకొని, రేపు ఉదయమే వారిని పరీక్షకు తీసుకువెళ్లండి.