వైరు బరువు మొయ్యగూడదు

మా రాకెట్ క్లబ్‌లో సీఎస్సీ వాళ్లకి కోడ్ పని ఇస్తారు. వైరింగ్ మాత్రం లాంచ్ ముందు రాత్రి ఎవరో ఒకరు చేసేస్తారు. నాకైతే అక్కడే భయం.

చిన్న రాకెట్ కూడా లేచేటప్పుడు 10 జీ దాకా త్వరణం అందుకుంటుంది. 9 వోల్టుల బ్యాటరీ బరువు సుమారు 45 గ్రాములు. ఆ క్షణంలో అది దాదాపు అర కిలో రాయిలా కిందికి లాగుతుంది. మోటార్ ఆరిపోగానే గాలికి రాకెట్ వేగం తగ్గి, బ్యాటరీ ఈసారి ముందుకి తోసుకొస్తుంది. స్ప్రింగ్ హోల్డర్ అయితే కొన్ని మిల్లీసెకన్లు కాంటాక్ట్ వదిలేయొచ్చు. అంతే, బోర్డు రీసెట్! కోడ్ మొదటి లైను నుంచి మొదలై, తాను ఇంకా నేల మీదే ఉన్నాననుకుంటుంది. ఒక్క బగ్ లేకపోయినా పారాచూట్ తెరుచుకోదు.

మాది అనంతపురం జిల్లా గుమ్మఘట్ట. మాకు రాకెట్లు లేవు, బోర్లున్నాయి. వందల అడుగుల లోతుకి మోటారు దింపేటప్పుడు మా మామ కేబుల్‌ని ఊరికే వేలాడదీయడు. కొన్ని అడుగులకోసారి పాత ట్యూబు ముక్కలతో పైపుకి బిగించి కడతాడు. ఆన్ చేసిన ప్రతిసారీ పైపు జర్కు ఇస్తుంది. కేబుల్ వదులుగా ఉంటే రాసుకుని తెగుతుంది. ఇన్ని కట్లెందుకు మామా అంటే ఒకటే మాట: "వైరు కరెంటు మొయ్యల్ల గానీ, బరువు మొయ్యగూడదురా." జాయింటు పోతే పైపులన్నీ పైకి లాగాలి. అప్పటిదాకా చేను ఎండాల్సిందే.

మన పుస్తకాల్లో దీన్నే స్ట్రెయిన్ రిలీఫ్ అంటారు. బ్యాటరీని గట్టి ప్లేటుకి ఆనించి, రెండు వైపులా కదలకుండా జిప్ టైలతో కట్టాలి. బరువు ప్లేటు మీద పడాలి, టెర్మినల్ మీద కాదు. సోల్డర్ చేసిన చోటికి కొంచెం ముందే వైరుని బిగించాలి. స్క్రూ టెర్మినల్‌లో ప్రతి వైరునీ లాగి చూడాలి. పారాచూట్ మందు కనెక్ట్ చెయ్యకముందే, బోర్డు ఆన్‌లో ఉంచి గట్టిగా ఊపి చూడాలి.

ఇది పిల్లల రాకెట్ల గొడవే అనుకోకండి. 2020 నవంబరులో యూరప్ వేగా రాకెట్‌లో కేబుళ్లు తారుమారుగా కలిపినందుకు రెండు ఉపగ్రహాలు పోయాయి.

బోరులో మోటారునైతే పైకి లాగి బాగు చేసుకోవచ్చు. రాకెట్‌ని మధ్యలో ఆపలేం. పారాచూట్ తెరుచుకోకపోతే అది ఎవరి చేలో పడుతుందో, అక్కడ ఎవరు కలుపు తీస్తుంటారో మనకి తెలీదు. అందుకే ఈసారి కోడ్ కంపైల్ అయ్యాక, ల్యాప్‌టాప్ మూసేసి, వైర్లు కూడా ఒకసారి లాగి చూడండి.