అరిసెలకు తారీఖు లేదు

పెళ్లిపందిట్లో ఏడాది పాపను చంకనేసుకుని తల్లి కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు అడుగుతారు. "ఏమ్మా, ఇంకా అడుగులు వేయట్లేదా? మా చిన్నాడు తొమ్మిదో నెలకే వీధంతా చుట్టొచ్చాడు." అడిగినావిడ భోజనాల వైపు వెళ్లిపోతుంది. విన్న తల్లి ఆ రాత్రి ఫోన్‌లో నెలల పట్టిక తెరుస్తుంది. పాపకు కూర్చోవడం వచ్చింది, గోడ పట్టుకుని నిలబడటం వచ్చింది, చప్పట్లు వచ్చాయి, పక్కింటి కుక్కపిల్ల కనబడితే కేరింతలు వచ్చాయి. తల్లి కంటికి మాత్రం టిక్కు పడని ఆ ఒక్క గడే కనిపిస్తుంది. ఇన్ని ఇళ్లలో ఇంతమంది తల్లుల నిద్ర చెడగొట్టే హక్కు ఆ ప్రశ్నకు ఎవరిచ్చారు?

ఈ లెక్కను ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎంతో ఓపికగా తేల్చింది. ఘనా, ఇండియా, నార్వే, ఒమన్, అమెరికా దేశాల్లో ఆరోగ్యంగా పెరుగుతున్న 816 మంది పిల్లలను గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. మన దేశం తరఫున అందులో ఉన్నది దక్షిణ ఢిల్లీ పిల్లలు. ఎవరి చేయీ పట్టుకోకుండా నడవడం కొందరికి 8.2 నెలలకే వచ్చింది, కొందరికి 17.6 నెలలు పట్టింది. తొమ్మిది నెలలకు పైగా తేడా! అటు చివరి పిల్లా ఇటు చివరి పిల్లా ఇద్దరూ ఆరోగ్యవంతులే. నూటికి నలుగురైతే చేతులూ మోకాళ్ల మీద పాకనేలేదు, పాకకుండానే నడక నేర్చారు. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం 2022లో తన పట్టికను సవరించినప్పుడు పాకడాన్ని అందులోంచి తీసేసింది.

తెలుగిళ్లకు ఇంతకంటే పాత పట్టిక ఒకటుంది. దాన్ని వండుకు తినేవాళ్లు. పిల్ల నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, గడప దాటితే గారెలు, పలుకులకు పంచదార చిలకలు, అడుగులకు అరిసెలు. ఊరినిబట్టి, ఇంటినిబట్టి ఒకటో రెండో మారతాయి. వరస మాత్రం పిల్లల డాక్టరు అడిగే ప్రశ్నల వరసకు దగ్గరగానే ఉంటుంది. ఇంత వివరమైన పట్టికలో ఎక్కడా నెల సంఖ్య లేదు. గడప ఎప్పుడు దాటితే అప్పుడే గారెలు. పన్నెండో నెలకు అరిసెలు వండి పెట్టుకుని పిల్ల ఇంకా నడవలేదని బాధపడ్డ అమ్మమ్మ ఎక్కడా లేదు, ఎందుకంటే బియ్యం నానబోసేదే పిల్ల అడుగేశాక.

అరిసెలంటే మాటలా? బియ్యం నానబెట్టి, వడకట్టి, తడి ఆరకముందే దంచి, జల్లించాలి. బెల్లం పాకం లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది. నీళ్లలో వేసిన పాకం వేళ్ల మధ్య మెత్తగా ఉండకట్టాలి. ఒకరు పాకం కలియబెడుతుంటే ఇంకొకరు పిండి పోయాలి, మూడో మనిషి నువ్వులద్ది ఆకు మీద తట్టాలి, నాలుగో మనిషి చెక్కల మధ్య నూనె వత్తాలి. ఒంటి చేత్తో అయ్యే పని కాదు కనక పొరుగిళ్లవాళ్లు వచ్చేవారు. మర్నాడు చాపమీద అరిసెలు వరసగా పేర్చి, రెండు చేతులూ పట్టుకుని పిల్లను వాటి మీద నడిపించేవారు. మెత్తటి అరిసె కాలికి తగలగానే పిల్ల ఆగి కిందికి చూస్తుంది, వేళ్లు ముడుస్తుంది, ఇంకో అడుగేస్తుంది. ఆ అరిసెలే వీధిలో పిల్లలందరికీ పంచేవారు. ఒక పిల్ల నడక వీధి మొత్తానికి పండగయ్యేది. పోల్చుకుని నొచ్చుకోవడానికి అక్కడ చోటే లేదు, అందరి నోట్లోనూ అరిసె ఉంది. ఇప్పుడు ఫోన్ చేస్తే మిఠాయి దుకాణంవాళ్లు డబ్బాలో పెట్టి పంపుతున్నారు. అదైనా మేలే, ఆచారం నిలిచింది.

నిలవకూడనిది ఒకటి మాత్రం ఇల్లిల్లూ పాకింది. చక్రాల వాకర్. గుండ్రటి ప్లాస్టిక్ చట్రం, మధ్యలో గుడ్డ సీటు, ముందు పాటలు పాడే బొమ్మలు. బారసాలకో అన్నప్రాశనకో ఎవరో ఒకరు ప్రేమగా తెచ్చిస్తారు. అందులో కూర్చున్న పిల్ల కాలి మునివేళ్లతో నేలను నెట్టుకుంటుంది తప్ప బరువు మోయదు, తూలదు, తూలి నిలదొక్కుకోదు. పైగా తన పాదాలు తనకు కనబడవు. నడక నేర్పే వస్తువుగా అమ్ముతారు కానీ, వాకర్లో పెరిగిన పిల్లలే కూర్చోవడంలోనూ పాకడంలోనూ నడకలోనూ వెనకబడ్డారని 1999లో వచ్చిన ఒక అమెరికా పరిశోధన చూపింది. అంతకంటే భయపెట్టేవి గాయాలు. 1990 నుంచి 2014 వరకు అమెరికాలో వాకర్ ప్రమాదాలతో ఆస్పత్రుల అత్యవసర విభాగాలకు వచ్చిన పసిపిల్లలు రెండు లక్షల ముప్పై వేలకు పైనే. వారిలో నాలుగింట మూడొంతుల మంది మెట్ల మీద నుంచి దొర్లినవాళ్లు. కెనడా 2004లో వాకర్ల అమ్మకాన్ని నిషేధించింది. మన బజార్లలో ఇప్పటికీ సైకిళ్ల పక్కన వేలాడుతూనే ఉన్నాయి. మేడ మీది ఇళ్లు, మెట్లు, తడి బాత్‌రూములు ఉన్న మన ఊళ్లలో దాన్ని కానుకగా ఇవ్వడం మానేస్తే బాగుండును.

తిరునాళ్లలో అమ్మే మూడు చక్రాల చెక్కబండి వేరు. దాని వెనక పిల్ల తన కాళ్ల మీద తను నిలబడుతుంది. బండి ముందుకు జారితే చతికిలబడుతుంది, లేస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. దానికీ పెద్దవాళ్ల కన్ను కావాలి, అయినా అది నడకను దొంగిలించదు. అన్నిటికన్నా మేలు ఉత్త నేల. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో కేరెన్ అడాల్ఫ్ బృందం పన్నెండు నుంచి పంతొమ్మిది నెలల పిల్లల అడుగులు లెక్కపెట్టి 2012లో ప్రచురించింది. గంటకు సగటున 2,368 అడుగులు, 17 సార్లు పడటం! పడిన ప్రతిసారీ అయ్యో అని పరుగెత్తుకెళ్లే తాతయ్యలకు ఈ అంకె చెప్పాలి.

నడక అందరికీ కనిపిస్తుంది కాబట్టి అందరూ దాన్నే అడుగుతారు. పిల్ల వేలితో చూపించడం మొదలుపెట్టిన రోజును ఎవరూ అడగరు. ఏడాదికి కాస్త అటూ ఇటూగా పిల్ల గాలిపటం వైపో బల్లి వైపో వేలు చాపి, వెంటనే తల్లి మొహంలోకి తిరిగి చూస్తుంది. నాకు కనబడింది నీకూ కనబడిందా అని మాటల్లేకుండా అడగడం అది. మాటలన్నిటికీ ముందు మాట అదే. డాబా మీద వెన్నెల్లో అన్నం కలిపి చందమామను చూపిస్తూ ముద్దలు పెట్టిన మన తల్లులు ఈ పాఠమే చెప్పారు. ఒకే వస్తువును ఇద్దరూ కలిసి చూడటం, దాని పేరు వినడం, మధ్యలో ఒక ముద్ద. ఫోన్‌లో పాట పెట్టి నోట్లో ముద్ద కుక్కితే కడుపు నిండుతుంది, ఆ చూపు మాత్రం తల్లి మొహం వైపు తిరగదు. రెండేళ్లలోపు పిల్లలకు అసలు తెరే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

నెలలు అసలే పట్టించుకోవద్దని కాదు. పద్దెనిమిది నెలలకూ నడవకపోయినా, అప్పటికీ వేలు చూపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే తిరగకపోయినా, వచ్చిన మాటలు పోయినా డాక్టరుకు చూపించాల్సిందే. మాటలు పోవడం ఏ వయసులోనైనా ఆగి చూడాల్సిన విషయం. అంగన్‌వాడీలో ఇచ్చే మాతా శిశు సంరక్షణ కార్డులో ఏ వయసుకు ఏమేం రావాలో ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఎదుగుదల ఆలస్యాలను ఉచితంగా పరీక్షిస్తారు, అవసరమైతే జిల్లా కేంద్రానికి పంపిస్తారు. వాళ్లే నేర్చుకుంటారులే అని నాన్చే బంధువు, తొమ్మిదో నెల గురించి గొప్పలు చెప్పే బంధువు, ఇద్దరూ ఈ విషయంలో పనికిరారు.

పిల్లల్ని ఎలా గమనించాలో డార్విన్ దగ్గర నేర్చుకోవచ్చు. 1839 డిసెంబర్‌లో మొదటి కొడుకు విలియం పుట్టినప్పటి నుంచి నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాడాయన. ముప్పై ఏడేళ్ల తర్వాత 1877లో ఆ రాతలను 'మైండ్' పత్రికలో వ్యాసంగా అచ్చువేశాడు. తొమ్మిది నెలలు నిండకముందే తన పేరు వింటే పిల్లాడు అద్దం వైపు తిరిగేవాడట. రెండేళ్ల ఏడున్నర నెలల వయసులో భోజనాల గదిలోంచి కళ్లు మెరిపిస్తూ బయటికొచ్చాడు, వద్దన్న పంచదార తిని. మరో రెండు వారాలకు అదే గదిలోంచి గౌనుగుడ్డ జాగ్రత్తగా చుట్టి పట్టుకుని వచ్చాడు. ఇందులో ఏమీ లేదు, నువ్వు వెళ్లిపో అని తండ్రికి పదేపదే హుకుం జారీచేశాడు. విప్పి చూస్తే ఊరగాయ మరకలు.