లోపం అమ్మ చెవిది కాదు

తెలుగు వాక్యానికి ప్రాణం చివర ఉంటుంది. ఇంగ్లీషులో నిషేధం క్రియకు ముందే వచ్చి నిలబడుతుంది. తెలుగులో 'వేసుకోవాలి', 'వేసుకోవద్దు' అనే మాటలు రెండూ ఒకే దారిన బయలుదేరి, ఆఖరి అడుగులో విడిపోతాయి. అనువాదం వృత్తిగా గల నాకు ఇది నిత్యం ఎదురయ్యే చిక్కే. కాని ఆ ఆఖరి అక్షరాలు దారిలో రాలిపోతే ఏమవుతుందో ఇంటి ఫోను వలన తెలిసింది.

నేనుండేది బస్తర్ జిల్లా కేంద్రమైన జగదల్‌పూర్‌లో. అమ్మ భద్రాచలంలో ఒంటరిగా ఉంటుంది. సుక్మా, కుంటల మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్లనూ కలుపుతున్నా, అనుకున్నప్పుడల్లా వెళ్లి రాగల దూరం కాదు. మా వాటాకు మందపాటి పాతగోడలు. సెల్ సిగ్నల్ లోపలికి రాదు. ఇంటి యజమాని కనెక్షన్‌నే పంచుకుని, ఇంటర్నెట్ మీదుగా మాట్లాడుకుంటాము.

డాక్టరు బి.పి. మందు మార్చిన సాయంత్రం, "అమ్మా, రాత్రి మాత్ర వేసుకోవద్దు" అన్నాను.

"వేసుకోవ... ఏమిటి నాయనా?"

మూడుసార్లు చెప్పాను. "నా చెవులు పోయినట్టున్నాయిరా" అని ఫోను పెట్టేసింది. పక్కింటివారికి సందేశం పంపి ఆ పూట గండం గడిపాను. ఆ తరువాత అమ్మ ఫోనులో మాట్లాడటమే తగ్గించింది. ఖమ్మంలో ఉన్న అక్క, చెవి మిషను కొందామన్నది.

నాకు మాత్రం సందేహం తీరలేదు. పక్కింటి మాటలు, గుడి మైకు ఆమెకు చక్కగా వినబడుతున్నాయి. ఆమె మాట నాకూ స్పష్టంగానే అందుతోంది. చెడిపోతున్నది ఇటు నుంచి అటు వెళ్లే మాట ఒక్కటే.

ఇంటర్నెట్ ఫోనులో గొంతు తీగ మీద ధారగా పోదు. సాధారణంగా 20 మిల్లీసెకండ్ల ముక్కలుగా తెగి, ఒక్కొక్క ముక్క విడివిడిగా ప్రయాణిస్తుంది. ఆలస్యంగా వచ్చిన ఉత్తరాన్ని చదువుకోవచ్చు. ఆలస్యంగా వచ్చిన అక్షరం పనికిరాదు, ఆవలి ఫోను దానిని పారవేస్తుంది. ఒకవైపు ప్రయాణం 150 మిల్లీసెకండ్ల లోపు ఉంటే మంచిదని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ సిఫారసు. (2010లో ప్రారంభమైన 'సీజీనెట్ స్వర'కు ఈ బెడద లేదు. ఇక్కడి గోండులు ఫోనులో తమ కష్టం రికార్డు చేస్తే, ఇతరులు తీరిక వేళ వింటారు. నిలవ ఉన్న మాటకు తొందర లేదు.)

మొదట వైఫైని అనుమానించి, కంప్యూటరును తీగతో రూటర్‌కు కలిపి చూశాను, మార్పు లేదు. ఒక చిన్న సంకేతం వెళ్లి తిరిగి రావడానికి పట్టే కాలం కొలిచాను. మధ్యాహ్నం 40 మిల్లీసెకండ్లు; సాయంత్రం ఏడు గంటలకు 900! మా వాటాలోని పరికరాలన్నీ ఆపినా అంతే.

అప్పుడు యజమాని గోడల మీది నాలుగు కెమెరాలు కంటబడ్డాయి. ఎదుట ఏది కదిలినా వాటి బొమ్మలు దూరాన ఉన్న సర్వర్‌కు పోతాయి. సాయంత్రం మా వీధిలో కదలనిదేముంది? బయటికి పంపే దారి మాకు ఇరుకు. పోస్టాఫీసులో పెద్ద పార్సెళ్ల వెనుక ఒక్క కార్డు పట్టుకుని నిలబడినవానిలా, నా మాట రూటర్‌లో వరుసలో నిలిచిపోతోంది. ఫోను కాలుకు కావలసినది సుమారు 100 కిలోబిట్లే. అందుచేత మరింత వేగం గల ప్లాను కొనడం కంటే వరుసను సరిచేయడమే మేలనిపించింది.

పది నిమిషాలు కెమెరాలు ఆపించి చూస్తే అంకె మళ్లీ 40కి దిగింది. యజమానికి దొంగల భయం, శాశ్వతంగా ఆపనన్నారు. అందులో న్యాయముంది. చివరకు బొమ్మ నాణ్యత కొంత తగ్గించి, బయటికి పోయే మొత్తాన్ని దారి సామర్థ్యం కంటే కాస్త తక్కువకు కట్టడి చేసి, మాటకు ముందు చోటిచ్చేలా రూటర్‌ను అమర్చాము.

అక్క చెవి పరీక్ష మాత్రం మానలేదు. వినికిడి వయసుకు తగ్గట్టే ఉన్నదని, మిషను అక్కరలేదని చెప్పారట. అమ్మ ఇప్పుడు నన్ను గట్టిగా అరవవద్దంటోంది. వానాకాలంలో గోదావరి 43 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడగానే, తానే ఫోను చేసి చెబుతోంది.