నదికి దక్కని నేలలు

మావయ్యా,

టర్కీకి ఆగ్నేయ మూల, సిరియా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న గాజియాన్తెప్ నుంచి రాస్తున్నాను. ఊరికి పిస్తా బక్లావా పెట్టింది పేరు. ఆ ముచ్చట అత్తయ్యకు విడిగా రాస్తాను. మీకు చెప్పాల్సింది ఇక్కడి జ్యూగ్మా మొజాయిక్ మ్యూజియం గురించి. నాగార్జునసాగర్ నీళ్ళు ఎక్కకముందే లోయలోని బౌద్ధ కట్టడాలను తవ్వి తీసి, కొన్నిటిని కొండమీదికి చేర్చిన వైనం మీ నోట ఎన్నోసార్లు విన్నాను. ఇక్కడా అదే కథ. కాకపోతే ఇక్కడ పైకి తెచ్చింది ఇళ్ళ నేలలను.

జ్యూగ్మా యూఫ్రటీసు ఒడ్డున వెలసిన ఊరు. అలెగ్జాండరు సేనాని సెల్యూకస్ క్రీస్తుకు పూర్వం 300 ప్రాంతంలో దాన్ని కట్టించాడు. తరవాత రోమన్ల చేతికొచ్చింది. ఓ సైనిక దళం మకాం, నది దాటే వర్తకుల రాకపోకలు ఉండటంతో డబ్బున్నవాళ్ళు నదికి ఎదురుగా మేడలు కట్టుకున్నారు. ఆ మేడల గచ్చులు మన ఇళ్ళలో పాలిష్ పట్టే మొజాయిక్ లాంటివి కావు. గోరంత రాళ్ళను సున్నంలో ఒక్కొక్కటే పొదిగి దేవతల్నీ చేపల్నీ పెళ్ళి పందిళ్ళనీ దింపారు. నీలం, ఆకుపచ్చ లాంటి రంగులకు రాయి చాలకపోతే గాజు ముక్కలు వాడారు. క్రీ.శ. 253 ప్రాంతంలో పర్షియా రాజు మొదటి షాపూర్ ఊరిని తగలబెట్టాడు. గోడలు కూలి గచ్చుల మీదే పడ్డాయి. ఆ శిథిలాలే వాటిని కాపాడాయి.

2000లో యూఫ్రటీసు మీద కట్టిన బిరెజిక్ ఆనకట్ట వెనక నీళ్ళు నిండసాగాయి. జ్యూగ్మా లోతట్టు వాడలు మునగబోతున్నాయని పత్రికల్లో వార్త రాగానే అమెరికాలోని ప్యాకర్డ్ సంస్థ 50 లక్షల డాలర్లు ఇచ్చింది. పలు దేశాల నిపుణులు దిగారు. కింద నది పెరుగుతుంటే పైన ఎండలో తవ్వకం సాగింది.

గచ్చును ఎలా లేపుతారని మీరు తప్పక అడుగుతారు, అందుకే ఆ పని గురించి కాస్త ఓపిగ్గా విని వచ్చాను. ముందు పైభాగాన్ని శుభ్రంగా కడిగి ఆరబెడతారు. దాని మీద నీళ్ళలో కరిగే జిగురుతో గుడ్డ అంటిస్తారు. గుడ్డ బిగిసి ఆరితే రాళ్ళన్నీ దానికే పట్టుకుంటాయి. బొమ్మకు నష్టం లేని గీతల వెంబడి కోసి, ముక్క ముక్కకీ నంబరు వేసి, కింద సున్నపు పొరలోకి పొడవాటి ఉలులు దూర్చి విడదీస్తారు. తిరగేస్తే అసలు పని అప్పుడే మొదలు. వెనక అంటుకున్న పాత గార మొత్తం గీకెయ్యాలి. ఆమీదట కొత్త సున్నపు పూత. ఆపైన తేనెపట్టులా గళ్ళున్న అల్యూమినియం పలక. చివరికి వేడినీళ్ళతో గుడ్డను ఊడదీస్తే బొమ్మ బయటపడుతుంది. పూర్వం అల్యూమినియం బదులు ఇనుప చువ్వల సిమెంటు పోసేవారు. చువ్వ తుప్పుపట్టి ఉబ్బితే పలక చీలేది. మోయాలంటే క్రేను కావాల్సి వచ్చేది. పాత మ్యూజియాల్లో ఆ సిమెంటును మళ్ళీ ఊడబీకడం ఇప్పటి సంరక్షకులకు పెద్ద చాకిరీ.

2011లో తెరిచిన ఈ మ్యూజియంలో కొన్ని గచ్చులను స్తంభాలు, గోడ చిత్రాల మధ్య ఇంట్లో ఉన్నట్టే పరిచారు. పైన నడవాల్లో తిరుగుతూ కిందికి చూడొచ్చు. మరికొన్నిటిని గోడకు నిలబెట్టారు. నాకైతే నిలబెట్టినవి నచ్చలేదు. నడిచేవాడి కాళ్ళకిందికి చేసిన బొమ్మ గోడెక్కితే పటం అయిపోతుంది. అందరూ ఎగబడేది ‘జిప్సీ పిల్ల’ అనే ముఖం బొమ్మ దగ్గరికి. చిందరవందర జుట్టు, మనల్నే చూస్తున్నట్టుండే కళ్ళు. చీకటి గదిలో ఒక్కదానికే దీపం పెట్టారు. ఆ హంగామా లేకున్నా ఆ కళ్ళకు లోటేమీ లేదు. ఆ గచ్చుకే చెందిన 12 ముక్కలు దొంగలు కోసి అమ్మగా, 1965లో అమెరికాలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయం కొన్నది. అవి ఆంటియోక్ అనే మరో ప్రాచీన నగరానివి అనుకున్నారు. జ్యూగ్మావని తరవాత పరిశోధనలో తేలి, 2018లో తిరిగొచ్చాయి.

అఫ్రొడైటి గచ్చు మీద పనివాడి సంతకం ఉంది: సమోసాటాకు చెందిన జోసిమోస్. అతని ఊరూ ఇప్పుడు అతతుర్క్ ఆనకట్ట జలాశయం అడుగునే ఉంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఓ సగం గచ్చు. గ్రీకు పురాణాల్లోని డయోనైసస్, అరియాడ్నేల పెళ్ళి. 1990ల మొదట్లో బయటపడినప్పుడు, నేలను దాని ఇంట్లోనే ఉంచాలన్న మంచి ఉద్దేశంతో లేపకుండా అక్కడే కాపాడదామనుకున్నారు. 1998లో దొంగలు సగానికి పైగా కోసుకుపోయారు. ఇంతవరకు దొరకలేదు. మిగిలింది తెచ్చి ఇక్కడ పెట్టారు. పోయినచోట రాళ్ళు కల్పించి పూరించలేదు. పూరించి ఉంటే దొంగతనం కూడా కనపడకుండా పోయేది.

ఇంత జరిగినా, నీళ్ళకు పైన ఉన్న గట్టు మీద తరవాతి తవ్వకాల్లో దొరికిన ఇళ్ళను లేపకుండా అక్కడే ఉంచుతున్నారు. పెద్ద కప్పు వేసి, నడవడానికి దారి కట్టారు. కావలి ఉంటే నేల ఉండాల్సింది ఇంట్లోనే అని వాళ్ళ వాదం. నాదీ అదే. కానీ ఆ సగం పెళ్ళి చూశాక, గట్టిగా అనడానికి నోరు రావడం లేదు. రేపు పొద్దున్నే బస్సులో ఆ గట్టుకే వెళ్తున్నాను. కప్పు కింద వాన నీళ్ళు ఎటు పోయేట్టు కట్టారో చూసి రాస్తాను. మీరు మొదట అడిగేది అదే కదా.

ఇట్లు,
మీ మేనల్లుడు